అన్నయ్యకు దొరకని సీటు

మా నాన్న చోడవరంలో ఆయుర్వేద వైద్యుడు. చీడికాడ, రోలుగుంటల నుంచి కూడా రోగులు బళ్లు కట్టించుకుని వచ్చేవారు. తన తర్వాత ఆ పని అన్నయ్య చూసుకోవాలని వాణ్ణి చిన్నప్పుడే బడి మాన్పించి, సంస్కృతమూ వైద్యమూ ఇంట్లోనే నేర్పారు. ఆడపిల్లకు వైద్యం దేనికని నన్ను హైస్కూలుకు పంపారు.

ఇకమీదట పట్టా లేనివాళ్లను వైద్యం చెయ్యనివ్వరన్న మాట ఊళ్లో పుట్టింది. నాన్నకు బెంగ పట్టుకుంది. అన్నయ్యను ఆయుర్వేద కాలేజీ ప్రవేశ పరీక్షకు పంపారు. బడి చదువు లేనివాళ్లకు అంతవరకు సంస్కృతంలోనే పరీక్ష పెట్టేవారట. ఆ ఏడు ఇంగ్లీషు, సైన్సు కలిపారు. ఆ సంగతి మాకు తెలియదు.

అన్నయ్య తిరిగొచ్చేసరికి నాన్న వీధి అరుగు మీదే కూర్చుని ఉన్నారు.

"ఎలా రాసేవురా?"

"సంస్కృతం బాగానే రాసేను. తరవాత ఇంగ్లీషు పేపరిచ్చేరు."

"మరేటి సేసేవు?"

"పేరు రాసి కూకున్నాను. గంట కొట్టేదాకా లెగనివ్వలేదు."

"వైద్యానికి ఇంగ్లీషెందుకురా!" అని నాన్న మండిపడ్డారు.

"ఎందుకో నాకేటి తెలుసు? మీరు బడి మానిపించకపోతే రాసుందును."

అన్నయ్య నాన్నకు ఎదురు చెప్పడం అదే మొదలు. నాన్న లేచి లోపలికి వెళ్లిపోయారు. ఆ పూట అన్నం ముట్టలేదు.

మరుసటి ఏడు నేను ఎస్సెల్సీ పాసయ్యాను. ఒక ఉదయం నాన్న నన్ను పిలిచి, "అమ్మా, ఆ పరీక్ష నువ్వు రాస్తావేటి?" అన్నారు. పక్కనే అన్నయ్య కల్వంలో మందు నూరుతున్నాడు. కల్వం చప్పుడు ఆగిపోయింది. రాయాలనే ఉంది నాకు, కాని అన్నయ్య వైపు చూశాను.

"రాస్తాదిలెండి. సంస్కృతం నాను సెప్తాను," అన్నాడు అన్నయ్య తల ఎత్తకుండానే.

ఆ వేసవంతా చెప్పాడు. ఎన్నిసార్లు తప్పు చదివినా విసుక్కోలేదు. ఒక్కసారైనా కసిరితే బాగుండుననిపించేది. నాకు సీటొచ్చింది. అనకాపల్లిలో రైలెక్కించి, కిటికీ దగ్గర నిలబడి, "ఒసే, రోగి సెప్పేది పూర్తిగా ఇను. మధ్యలో అడ్డు రాకు," అన్నాడు.

కాలేజీలో రసాయన పాఠాలు మొదలయ్యాక, ఆ పరీక్ష పెట్టినవాళ్లది తప్పనలేకపోయాను. అలాగని అన్నయ్యకు జరిగింది న్యాయమనీ అనలేకపోయాను. ఇంటికి రాసిన ఉత్తరాల్లో ఆ ఊసే ఎత్తలేదు.

సెలవులకు వచ్చేసరికి అన్నయ్య వడ్డాదిలో బెల్లం కొట్లో గుమస్తాగా చేరిపోయాడు. ఆదివారాలు మాత్రం వచ్చేవాడు. అలాంటి ఒక ఆదివారం రోలుగుంట నుంచి ఒక ముసలమ్మ వచ్చి, నన్ను ఎగాదిగా చూసింది.

"సిన్న వైద్యుడు బాబేడమ్మా?"

"ఇకమీదట ఈ గుంటే సూస్తాది," అన్నారు నాన్న నన్ను చూపిస్తూ.

అన్నయ్య అప్పుడే వచ్చి, పెరట్లో కాళ్లు కడుక్కుంటున్నాడు. ఆ మాట విన్నాడని నీళ్ల చప్పుడు ఆగడంతో తెలిసింది. కాసేపటికి తువ్వాలు భుజాన వేసుకుని, మా వైపు చూడకుండానే వంటింట్లోకి వెళ్లిపోయాడు.

నేను ముసలమ్మను నాలుక చాపమన్నాను. ఆవిడ చాపింది. చాలాసేపు చూశాను గాని, ఏం చూశానో నాకే తెలియదు.