గల్లీ చివర దున్నపోతు

నా చిన్నప్పుడు మేము బోయిగూడలో ఒక గల్లీ చివరి ఇంట్లో ఉండేవాళ్లం. ఆ గల్లీకి ఒకటే దారి. లోపలికి వచ్చినవాళ్లు మా గుమ్మం దాకా వచ్చి, పక్కనే అడ్డంగా ఉన్న రాతిగోడను చూసి వెనక్కి తిరగాల్సిందే. ఆ గోడ మూలలో ఒక నీళ్ల డ్రమ్ము ఉండేది. ఇంట్లో అమ్మ, బాపు, నాయనమ్మ, నేను, ఇంకా బడికి పోని మా తమ్ముడు.

మా నాయనమ్మ మామూలుగా దేనికీ జంకే మనిషి కాదు. ఇంట్లోకి తేలు వస్తే అందరం మంచాలెక్కేవాళ్లం, ఆమె మాత్రం చెప్పు తీసుకుని వెతికేది. కానీ దున్నపోతంటే ఆమెకు పై ప్రాణాలు పైనే పోయేవి. మా తాతయ్య కన్నుమూసిన రోజు తెల్లవారకముందే ఒక దున్నపోతు గల్లీలోకి వచ్చి, మా గుమ్మం ముందు కాసేపు నిలబడి వెళ్లిపోయిందట. యముడి వాహనం వచ్చి తన మనిషిని తీసుకుపోయిందని ఆమె నమ్మింది. పక్క గల్లీలో మాకు పాలు పోసే మామ బర్రెలతోపాటు ఒక దున్నపోతును కూడా పెంచేవాడు. గల్లీ మొదట్లో దాని చప్పుడు వినబడితే చాలు, నాయనమ్మ తలుపు మూసి గొళ్లెం పెట్టేది. అది దాటిపోయేదాకా కళ్లు మూసుకుని గోడకు ఆనుకుని కూర్చునేది.

ఆ భయం నాకూ అంటుకుంది. ఇంట్లో దున్నపోతంటే చావు. బడిలో దున్నపోతంటే మొద్దు, లెక్కలు రాని పిల్లలకు పంతులుగారు పెట్టే పేరు. రోజూ మా గల్లీ మొదట్లోంచి వెళ్లే ఆ జంతువుకు కళ్లు ఎలా ఉంటాయో నేను ఒక్కసారి కూడా చూడలేదు.

దీపావళి వెళ్లగానే మా దిక్కున సదర్ జరుగుతుంది. పాడి ఉన్న యాదవుల ఇళ్లవాళ్లు దున్నపోతులకు స్నానం చేయించి, ఒళ్లంతా నిగనిగలాడేలా నూనె పట్టించి, మెడలో పూలదండలు వేసి, కాళ్లకు గజ్జెలు కట్టి డప్పులతో ఊరేగిస్తారు. ఆ రోజు సాయంత్రం అమ్మ రెజిమెంటల్ బజారుకు వెళ్లింది. బాపు ఇంకా పని నుంచి రాలేదు. నాయనమ్మ లోపల బియ్యం ఏరుతోంది. నేను మెట్టు మీద కూర్చున్నాను. తమ్ముడు గల్లీలో మట్టి పోగేసి ఆడుకుంటున్నాడు.

రోడ్డు మీద ఎవరో పటాకుల లడీ ముట్టించారు. తమ్ముడికి పటాకులంటే చచ్చేంత భయం. దీపావళి రోజంతా అమ్మ కొంగు వదలనివాడు, ఆ చప్పుడు మొదలవగానే పరుగెత్తి డ్రమ్ము వెనకాల దూరాడు. రెండు చెవులూ మూసుకుని మోకాళ్ల మధ్య తల పెట్టుకున్నాడు. వాడిని పిలుద్దామని నేను లేవబోతున్నాను. అంతలో గజ్జెల చప్పుడు.

అది నడుస్తున్న చప్పుడు కాదు, పరుగెత్తుతున్న చప్పుడు. పాలమామ దున్నపోతు తాడు తెంపుకుని మా గల్లీలోకి దూసుకొచ్చింది. అదే క్షణంలో నా వెనక తలుపు ధడాలున మూసుకుంది, గొళ్లెం పడింది. నాయనమ్మ గజ్జెల చప్పుడు విన్నది. పిల్లలం ఇంటి వెనకవైపు ఉన్నామనుకుని ఎప్పటిలాగే తలుపు వేసుకుంది.

దున్నపోతు గోడ దాకా వచ్చి ఆగింది. దారి లేదు. ఆ ఇరుకులో ఎలాగో ఒళ్లు తిప్పుకుని గల్లీ మొదలు వైపు మొహం పెట్టి నిలబడింది. దాని వెనక డ్రమ్ము, డ్రమ్ము వెనక తమ్ముడు. నేను చెయ్యి చాపితే దాని పక్కటెముకలు అందుతాయి. ఆ నూనె వాసన, ఆ ఊపిరి వేడి నా మొహానికి తగులుతున్నాయి.

ఇంతలో గల్లీ మొదట్లో మనుషులు గుమిగూడారు. చేతుల్లో కర్రలు, ఒకాయన చేతిలో ఇనుప రాడ్డు. వాళ్లకు కొమ్ములు, నుదురు తప్ప ఇంకేమీ కనబడడం లేదు. ఆ ఒంటి వెనక ఒక పసివాడు ఉన్నాడని వాళ్లకు తెలిసే దారి లేదు. గుమ్మం పక్కన ఒదిగిపోయిన నేనూ వాళ్లకు కనబడలేదు.

"కొట్టుర్రి! మూలకు నూకుర్రి!" అని ఒకరు అరిచారు. కర్రలు నేలకు కొడుతూ ముందుకు వచ్చారు. దున్నపోతు ఒక అడుగు వెనక్కి వేసింది. డ్రమ్ము రాళ్ల మీద కీచుమని జరిగింది. వాళ్లు ఇంకా దగ్గరికి వచ్చారు. అది ఇంకో అడుగు వేసింది. నేను అరవాలని నోరు తెరిచాను. నా గొంతు నాకే వినబడలేదు.

పక్కనున్న కిటికీ రెక్క తెరుచుకుంది. అందులో నాయనమ్మ మొహం. దున్నపోతును చూడగానే మళ్లీ మూసేస్తుందనుకున్నాను. ఆమె నన్ను చూసింది. "తమ్ముడేడి?" అని పెదవులతోనే అడిగింది. నేను వేలు పెట్టి చూపించాను. ఆమె మొహంలో రంగు పోవడం ఇప్పటికీ నా కళ్లకు కడుతుంది. కానీ ఆమె కిటికీ మూయలేదు. కళ్లు కూడా మూసుకోలేదు. ఆ దున్నపోతును తల నుంచి కాళ్ల దాకా, చాలాసేపు అనిపించేంతగా చూసింది.

చప్పుడు కాకుండా గొళ్లెం తీసి బయటికి వచ్చింది. నన్ను గుమ్మంలోకి లాగి, చెవిలో, "అరవకు బిడ్డా. దాని కాళ్లు జూడు," అన్నది.

చూశాను. దున్నపోతు కదలడం లేదు. అయినా గజ్జెలు మోగుతున్నాయి. దాని మోకాళ్లు గడగడ వణుకుతున్నాయి.

నాయనమ్మ చీర కొంగు నడుముకు దోపుకుంది. గోడకు ఒరుసుకుంటూ, దాని పొట్ట పక్క నుంచి, మెడ పక్క నుంచి, కొమ్ము కింద నుంచి నడిచింది. ఆమె పెదవులు ఏదో జపం చేస్తున్నాయి. దాని ముందుకు వెళ్లి, దానికి వీపు పెట్టి, కర్రలకు ఎదురుగా రెండు చేతులూ చాపి నిలబడింది.

"జరుగు అవ్వా! దానికి పిచ్చి లేసింది, పొడుస్తది!" అన్నాడు రాడ్డు పట్టుకున్నాయన.

"పిచ్చి లేదు, ఏం లేదు. పటాకులకు భయపడ్డది," అన్నది నాయనమ్మ. గొంతు పెంచలేదు. "దాని ఎనక నా మనుమడున్నడు. మీరొక్క అడుగు ముందటికేస్తే అది ఒక్క అడుగు ఎనకకేస్తది. కట్టెలు కింద వెట్టుర్రి."

ఒకరి తర్వాత ఒకరు కర్రలు నేల మీద పెట్టారు. చివరికి రాడ్డు కూడా కిందికి దిగింది.

"గోడలకు ఆనుకోని నిలవడుర్రి. దానికి తొవ్వ ఇయ్యుర్రి. ఎవలన్న పోయి ఆ పటాకులు జెర ఆపమనుర్రి."

ఒకరు పరుగెత్తారు. మిగతావాళ్లు గోడలకు అంటుకున్నారు. అప్పటికి పాలమామ రొప్పుతూ వచ్చాడు. అతను తొందరపడి లోపలికి రాబోతే నాయనమ్మ చెయ్యి చూపి ఆపింది. అతను గల్లీ మొదట్లోనే ఆగి, నాలుకతో చిన్నగా చప్పుడు చేస్తూ దాన్ని పిలవడం మొదలుపెట్టాడు. దున్నపోతు చెవులు కదిలాయి, కాళ్లు కదలలేదు. దాని ఊపిరికి నాయనమ్మ జుట్టు ముడి అదురుతోంది. ఎక్కడో దూరంగా ఇంకో పటాకు పేలింది. అది అదిరిపడి వెనక్కి ఒరిగింది. డ్రమ్ము గోడకు తగిలింది, తమ్ముడు కెవ్వుమన్నాడు. నేను గుమ్మం చెక్కను గోళ్లతో పట్టుకున్నాను. నాయనమ్మ వెనక్కి తిరగలేదు, అరవలేదు.

తర్వాత ఆమె మెల్లగా పక్కకు జరిగి, తనూ గోడకు ఆనుకుంది. ఇప్పుడు దాని ముందు ఎవరూ లేరు. గల్లీ, ఆ చివర రోడ్డు, రోడ్డు మీద దాని మనిషి.

ఒక కాలు వేసింది. ఆగింది. ఇంకొకటి వేసింది. అంతసేపూ అది ఉరుకుతుందని, ఎవరినో కుమ్ముతుందని ఎదురుచూసిన మా అందరి ముందు నుంచి అది నడిచి వెళ్లింది. పాలమామ దగ్గరికి చేరి అతని ఛాతీకి తల ఆనించింది. అతను రెండు అరచేతులతో దాని చెవులు మూసి, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

డ్రమ్ము లాగి తమ్ముడిని బయటికి తీశాం. మోకాలు గీరుకుపోయింది, అంతకన్నా ఏమీ కాలేదు. నాయనమ్మ వాడిని ఒళ్లో వేసుకుని మెట్టు మీద కూలబడింది. నేను నీళ్లిస్తే ముందు వాడికి తాగించి, తర్వాత తను తాగింది.

గ్లాసు కింద పెట్టి అన్నది. "ఇన్నేండ్ల సంది దాన్ని జూసి నేను వణికిన. అది గూడ వణుకుతదని నాకేం ఎరుక? పోరడు ఏ సప్పుడుకు ఆ మూలకు ఉరికిండో, అది గా సప్పుడుకే ఉరికొచ్చింది. ఇద్దరు ఒక్కతీరుగనే ఉన్నరు." వాడి మోకాలి మీద మట్టి తుడుస్తూ మళ్లీ అన్నది. "భయపడ్డదాన్ని మూలకు నూకితే అదేం జేస్తది బిడ్డా? ముంగట తొవ్వ ఉండాలె."

నాయనమ్మ భయం ఆ రోజుతో పోయిందని చెబితే అబద్ధమవుతుంది. తర్వాత కూడా ఆ దున్నపోతు అటుగా పోతుంటే తలుపు దగ్గరికి వేసేది. కానీ గొళ్లెం పెట్టేది కాదు. రెక్కల సందులోంచి చూస్తూ నిలబడేది. బియ్యం కడుగునీళ్లు ఒక కుండలో పోసి, దానికి తాగించమని పాలమామకు ఇచ్చి రమ్మని నన్ను పంపేది. ఆ కుండ పట్టుకుని వెళ్లినప్పుడే నేను మొదటిసారి దాని కళ్లు చూశాను. తడిగా, నల్లగా, పెద్ద రెప్పలతో ఉన్నాయి.

ఇప్పుడు నేనే నాయనమ్మను. బోయిన్‌పల్లిలో మా పెద్దవాడి దగ్గర ఉంటున్నాం. మా ఆయనకు కొన్నాళ్లుగా మతిమరుపు ఎక్కువైంది. మొన్న ఒక సాయంత్రం వంటింట్లో నిలబడి, ఇది మన ఇల్లు కాదని, మేమంతా ఎవరమని గట్టిగా అరిచారు. చేతిలో అప్పడాల కర్ర. పెద్దవాడూ, మమ్మల్ని చూడడానికి వచ్చిన చిన్నవాడూ గుమ్మానికి అడ్డంగా నిలబడి, ఆయనను పట్టుకోవడానికి లోపలికి అడుగు వేయబోయారు. జీవితంలో నా మీద ఒక్కసారి గొంతు పెంచని మనిషిని అలా చూసి నేనూ ఒక అడుగు వెనక్కి వేశాను. అయినా నా చూపు దానంతట అదే ఆయన కాళ్ల మీదికి వెళ్లింది. పంచె అంచు వణుకుతోంది.

కొడుకులిద్దరినీ గుమ్మం నుంచి పక్కకు జరగమన్నాను. ముందుగదిలో గట్టిగా మోగుతున్న టీవీ ఆపమన్నాను. నేనూ గోడకు ఆనుకుని నిలబడ్డాను. కాసేపటికి ఆయన మెల్లగా నడుచుకుంటూ బయటికి వచ్చారు. నా పక్కన ఆగి, అప్పడాల కర్ర నా చేతికిచ్చి, "జెర నీళ్లియ్యి," అన్నారు.