కాగితాల డబ్బా ఎందుకు తడుస్తోంది?

మా చెల్లెలు యూనివర్సిటీలో చెత్త వేరుచేసే షెడ్డు చూసుకుంటుంది. ఆ షెడ్డు పెట్టించింది నేనే. అక్కడ తోటమాలిగా ఉన్న రోజుల్లో పెద్దాఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగాను. చదివింది ఊరిబడిలోనే అయినా మాటలో నన్ను గెలిచినవాడు లేడు.

ఈమధ్య లైబ్రరీ ముందున్న కాగితాల డబ్బా రోజూ తడిసిపోతోంది. ఇంకోసారి తడి కాగితాలిస్తే కొననని వ్యాపారి తేల్చేశాడు. కొనేవాడు లేకపోతే షెడ్డు ఎత్తేస్తారు. చెల్లెలికి అన్నం సయించడం లేదు.

"ఎవరో కావాలనే నీళ్లు పోస్తున్నారన్నయ్యా."

"పోసేదెవరో చూద్దాం పద."

ఎదురుగా బెంచీ మీద కూర్చున్నాం. ఒకమ్మాయి కాగితాల డబ్బా మీది రాత చూడకుండానే, మూతకున్న గుండ్రటి కన్నంలో ఇంకా టీ మిగిలున్న కప్పు వేసి వెళ్లింది. వెనకొచ్చినవాళ్లూ అంతే. గుండ్రటి కన్నం కప్పుల డబ్బాకు, సన్నటి చీలిక కాగితాల డబ్బాకు అని దగ్గరుండి చేయించింది నేనే కదా, ఇదేమిటి?

చెల్లెలు నాలుక కరుచుకుంది. "మొన్నామధ్య కడిగి ఆరబెట్టాక మూతలు తారుమారుగా పెట్టేశాను."

"దొంగ దొరికింది," అన్నాను.

"నవ్వింది చాలు, ఆ మూత పట్టు."

మూతలు మార్చి మళ్లీ కూర్చున్నాం. కప్పుతో వచ్చినాయన చీలిక ముందు ఒక్క క్షణం ఆగి, పక్క డబ్బాకు నడిచాడు.