ఆనియెల్లో చేతిలో కత్తి

ఇటలీలో తరచూ భూమి కంపించే పొజ్జువోలి ఊరి రేవు వీధిలో నేల కదలబోతోందని మంగలి ఆనియెల్లోకి అందరికంటే ముందే తెలిసేది. గడ్డం గీస్తూ గీస్తూ కత్తి పైకెత్తి ఆగేవాడు. అద్దం గలగలలాడి సద్దుమణిగాక, ఆపిన కబురు మళ్లీ అందుకునేవాడు. ఈ మధ్య రోజుకు పదిసార్లు ఆగుతున్నాడు. మొన్న చేపల కోసిమో సగం గీసిన గడ్డంతోనే ఫోన్ తీసి భూకంపాల లెక్క చూశాడు.

"పొద్దుట్నుంచీ ఇక్కడ ఒక్కటీ రాలేదు బాబాయ్."

"సరిగ్గా చూడరా, ఇప్పుడే కదిలిందిగా!"

"లోకం మొత్తమ్మీద రోజుకు యాభై దాకా వస్తాయట. ఇప్పుడొకటి చిలీలో వచ్చింది."

"అదేనేమో మరి," అన్నాడు ఆనియెల్లో అయోమయంగా. గిన్నెలో నీళ్లు నిలకడగా ఉన్నాయి. కత్తి మాత్రం వణుకుతోంది. కోసిమో తల వెనక్కి వాల్చి మెడ చాపాడు. ఆనియెల్లో ఆ మెడను చాలాసేపు చూశాడు. కత్తి మడిచి, తువ్వాలుతో నురగ తుడిచేశాడు.

"మిగతా సగం చిలీలో తగ్గాక గీస్తాలేరా," అన్నాడు.