మిమూన్ బాబాయ్ నూనె సీసా

మిమూన్ బాబాయ్‌కి ఆలివ్ నూనె మీద ఉన్నంత నమ్మకం తన కళ్ళ మీద కూడా లేదు. అతని టాక్సీ అద్దానికి బయటివైపు చిన్న సీసా ఒకటి దారంతో కట్టి ఉంటుంది. అందులో నూనె తేటగా ఉంటే బండి మామూలుగా నడుస్తుంది. మసకబారిందా, వెనకాల నత్తలు హారన్ కొడతాయి. పేరుకుందా, బండి కదలనే కదలదు. ఎండ పొడిచి అది కరిగేదాకా ఆరుగురు ప్రయాణికులం ఒకరి మోకాళ్ళు ఒకరం మోస్తూ కూర్చోవాల్సిందే.

"నావి ఎండాకాలం టైర్లు రా ఇద్రీస్! నూనె గడ్డకట్టే చలికి రబ్బరు చెక్కయిపోతుంది. చెక్క చక్రాల మీద కొండ దిగుతావా?" అనేవాడు నాతో.

"మీ బావమరిది ఫ్రాన్సు నుంచి చలికాలం టైర్లు తెచ్చాడుగా? అవేం చేశావ్?"

"వాటి చప్పుడుకి తలనొప్పి. మూల పడేశా."

మూల పడేసే మనిషా! తనదైన ప్రతిదాని మీదా పసుపు రంగు చుక్క పెట్టుకునే రకం. జాకీ మీద చుక్క, టీ గ్లాసు మీద చుక్క, ఆఖరికి బక్రీదు పొట్టేలు కొమ్ము మీద కూడా చుక్క.

కొండమీది మా ఊరు తిమహ్దీత్ నుంచి కింద అజ్రూ పట్నంలోని పురపాలక కచేరీకి ఈ బండిలో వెళ్ళడం నాకిది ఏడో చలికాలం. పుట్టిన పిల్లల పేర్లు రాసుకునే గుమాస్తాని. నేను కిటికీ తెరిచేసరికి పిల్లలు పుట్టడమేం ఖర్మ, పాకడం కూడా మొదలుపెడుతున్నారని మా అధికారి గోల. "ఇంకొక్క రోజు ఆలస్యమైతే ఎర్రాషిదియాకి బదిలీ రాసేస్తా," అన్నాడు పోయిన జనవరిలో. భార్యనీ, కట్టుకుంటున్న ఇంటినీ వదిలి ఎడారి అంచుకి పోవాలన్నమాట.

విసిగిపోయాను. ఆ సాయంత్రం బాబాయ్ టీకి వెళ్ళగానే సీసాలో ఆలివ్ నూనె ఒంపేసి పొద్దుతిరుగుడు నూనె పోశాను. అది ఈ చలికి పేరుకోదు. రంగు కలవడానికి చిటికెడు పసుపు కూడా వేశాను.

మర్నాడు పొద్దున నోరు తెరిస్తే పొగ. సీసా మాత్రం తేటగా ఉంది.

"ఇదేం వింత!" అని బాబాయ్ దాన్ని మూడుసార్లు ఊపాడు.

"నూనె చెప్పాక నీకేంటయ్యా అనుమానం? పోనీ!" అంది గుడ్లబుట్టతో కూర్చున్న ఇత్తో అవ్వ.

పోనిచ్చాడు. దేవదారుల నీడ పడే మలుపులో బండి పెళ్ళిలో ఆడపడుచులా ఒక చుట్టు తిరిగింది. బాబాయ్ బ్రేకు జోలికి పోలేదు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసి, స్టీరింగ్ పట్టుకుని, అల్లాని తలుచుకున్నాడు. పక్కనున్న మంచుకుప్పలో ముక్కు దూర్చి బండి ఆగింది. ఒక్క గుడ్డు కూడా పగల్లేదు.

అంతలో వెనక నుంచి కాన్పులకి ఆడవాళ్ళని ఆస్పత్రికి చేర్చే మా ఊరి సంఘం వాళ్ళ పురుడు బండి వచ్చింది. అదీ మా టాక్సీలాంటి పాత జర్మను బండే. నడిపే హమ్మాది వేగం తగ్గించి అరిచాడు: "బాబాయ్, క్షేమమేనా? ఆగలేను, లోపల ఫదీలాకి నొప్పులు! నీ టైర్లు మేకకాళ్ళలా పట్టేస్తున్నాయిలే!"

సాగిపోతున్న బండి చక్రాల మీద పసుపు చుక్కలు గిర్రున తిరిగాయి.

"తలనొప్పి తెప్పించే టైర్లు అవేనా?" అంది అవ్వ.

బాబాయ్ దగ్గాడు. "ఆ బండెక్కే ఆడాళ్ళ కేకల్లో వాటి చప్పుడు వినపడదులే," అన్నాడు. తర్వాత దారం విప్పి సీసాని చేతిలోకి తీసుకున్నాడు. "పదిహేనేళ్ళలో ఇది నాతో ఒక్క అబద్ధం ఆడలేదు రా."

ఆ ముఖం చూసి తట్టుకోలేక చెప్పేశాను. మూత తీసి ఒక బొట్టు నాలుక మీద వేసుకున్నాడు.

"పొద్దుతిరుగుడు! పైగా పసుపా! తాళింపు వేద్దామనుకున్నావా?"

"తిట్టు బాబాయ్."

"తిట్లు తర్వాత. ముందు దిగి తొయ్యి."

కచేరీకి చేరేసరికి గంట ఆలస్యం. అధికారి కాగితం తీశాడు. కలం మూత తీసేలోపు బాబాయ్ సీసాతో సహా లోపలికొచ్చాడు. "అయ్యా, తప్పు నాది. నా నూనె చెడిపోయింది. ఈ కుర్రాడే పాపం బండి తోశాడు."

నూనె, రబ్బరు, నీడ మలుపులు అంటూ గంటసేపు చెప్పాడు. బదిలీ రాయబోయిన కాగితం మీదే అధికారి వేరే ఉత్తర్వు రాశాడు: నూనె పేరుకున్న రోజున కొండమీది నుంచి వచ్చేవాళ్ళకు అరగంట మినహాయింపు. ఇప్పుడు ఆయన కిటికీకీ ఒక సీసా వేలాడుతోంది.

బాబాయ్ సీసాలో మళ్ళీ నేనే మంచి ఆలివ్ నూనె పోశాను. రోజూ నా ఎదుటే దాన్ని నాకి చూసి గాని బండి తీయడు. బండిలో ఇరుక్కుని కూర్చుని వచ్చిన నా మోకాళ్ళ నొప్పి మాత్రం తగ్గలేదు.

నిన్న సాయంత్రం గుమ్మంలో బూట్లు విప్పుతుంటే మా ఆవిడ అడిగింది: "బూటు మడమ మీద ఈ పసుపు చుక్కేంటి?"

ఎప్పుడు పెట్టాడో ఏమో. "ఇంకేముంది," అన్నాను నిట్టూర్చి, "ఈ జన్మకి ఇక ఆ టాక్సీయే."