సూదిబెజ్జం సాక్ష్యం

మా అక్కను వీధంతా కొలతలమ్మ అంటారు. మనిషి గుమ్మం ఎక్కుతుండగానే నడుమెంతో, భుజాలెంతో చెప్పేస్తుంది. టేపు పట్టేది వచ్చినవాళ్ల తృప్తి కోసమే. ఆమె మిషను మీద కుడుతుంది, నేను పక్కన కూర్చుని గుండీలు, హుక్కులు వేస్తాను. ఇద్దరం ఒకే ట్యూబులైటు కింద ముసలివాళ్లమైపోతున్నాం.

అక్కకు కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింటోందని ఆసుపత్రిలో తేలింది. డాక్టరమ్మ గది బయట చాంతాడంత వరస. మాకు దక్కింది నాలుగు ముక్కలు. "పోయిన చూపు రాదమ్మా. ఉన్నది పోకుండా ఈ చుక్కలు కాపాడతాయి. బతికినంతకాలం వేసుకోవాలి, మానకూడదు."

చుక్క పడితే కళ్లు భగ్గుమంటాయి. చూపు మాత్రం వీసమెత్తు పెరగదు. పెరగనిదానికోసం రోజూ మంట పెట్టుకోవాలంటే ఎవరికైనా విసుగే.

అప్పుడు దిగాడు మా బావ, పసరాయన కబురు మోసుకుని. పక్కవీధిలో ఆకుపసర్లతో వైద్యం చేసే పెద్దమనిషి ఆయన. నేనూ తోడు వెళ్లాను. నిజం చెప్పొద్దూ, మనిషి మంచివాడే. అక్కను కూర్చోబెట్టి, నిద్ర పడుతోందా తల్లీ, ఎవరికోసం ఇంత కష్టపడుతున్నావు అని అడిగాడు. అక్క కళ్లు తుడుచుకుంది. మా ఇంట్లో ఎవరం అడగని మాట అది.

"ఆ మంటమందు ఆపెయ్యి. ఈ పసరు పరగడుపున తాగు. చూపు తిరిగొస్తుంది," అన్నాడు. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే.

"రెండూ వాడుకో అక్కా," అని మొత్తుకున్నాను.

"ఆయన కలపొద్దన్నాడుగా! రెండు పడవల మీద కాళ్లు పెట్టమంటావా?"

అప్పట్నుంచి రోజూ కొట్టు తెరవగానే అక్క తన పరీక్ష తాను పెట్టుకునేది. అన్నిటికన్నా సన్నసూది తీసి, దారం పెట్టేది. ఒక్క పోటుకే దూరేది. "చూశావా!" అనేది నా వైపు తిరిగి. నేనేమో కళ్లజోడు సర్దుకుని, దారం కొస తడిపి తడిపి నానా అవస్థలు పడేదాన్ని. బావైతే, "సూదిబెజ్జం అబద్ధమాడుతుందా మరదలా?" అని మీసం దువ్వేవాడు.

ఆ రోజుల్లోనే అక్క భుజం తలుపుకు తగలడం మొదలైంది. బల్ల చివర కత్తెర కిందపడేది. పక్కన ఎవరైనా వచ్చి నిలబడితే పలికేది కాదు. కొలతలమ్మకు పొగరెక్కిందన్నారు. అలసటేమో అనుకున్నాను నేను.

ఒక మధ్యాహ్నం చొక్కాగుడ్డ అందుకోబోయి, ఎడమచెయ్యి కాలుతున్న ఇస్త్రీపెట్టె మీద వేసింది.

"దీన్నిక్కడ ఎవరు పెట్టారే?" అని అరిచింది.

కొట్టు పెట్టిన నాటినుంచి అది అక్కడే ఉంది. కాలినదానికి కూడా పసరాయన దగ్గర లేపనం ఉందని బావ మొదలెట్టాడు. "బావా, నీకు దణ్ణం పెడతాను, కాసేపు ఊరుకో," అని అక్కను ఆసుపత్రికి లాక్కెళ్లాను.

అక్కడ పెద్ద గిన్నెలాంటి యంత్రంలో ముఖం పెట్టించారు. ఎదురుగా చూస్తూ ఉండాలి, ఎక్కడ వెలుగుచుక్క మెరిసినా మీట నొక్కాలి. పక్కనుంచి వంగి చూస్తున్న నాకు చుక్కలు కనబడుతున్నాయి. అక్క బొటనవేలు కదలడం లేదు.

"సూదిలో దారం ఎక్కించేది నడిమి చూపమ్మా," అంది డాక్టరమ్మ. "ఈ జబ్బు అంచులనుంచి తినుకుంటూ వస్తుంది. నడిమిది చివర్న పోతుంది. చుక్కలు మానకుండా ఉంటే ఇంత పోయేది కాదేమో."

తిరిగొస్తుంటే అక్కను కడిగేద్దామని నోటిదాకా వచ్చింది. అంతలో తనే అంది:

"ఈవిడ రాదంది. ఆయన వస్తుందన్నాడు. వస్తుందన్న చోటికి వెళ్లానే, అంతే."

నా కోపం ఎటుపోయిందో తెలియదు.

ఇప్పుడు ఆ చుక్కలు నేనే వేస్తున్నాను. ఏమీ మారకపోతే మందు పనిచేస్తున్నట్టట. అలాంటి మందును నమ్మడానికి చాలా ఓపిక కావాలి. మంట తగ్గేదాకా అక్క చెయ్యి పట్టుకుని కూర్చుంటాను. "రాత్రి నిద్రపట్టిందా?" అని అడుగుతాను. ఆ మాట పసరాయన దగ్గర నేర్చుకున్నదే.

అక్క ఇప్పటికీ పొద్దున్నే సన్నసూది తీస్తుంది. ఒక్క పోటుకే దారం ఎక్కిస్తుంది. చూశావా అనదు. నేను లేచి, ఇస్త్రీపెట్టెను పక్కనుంచి తీసి ఆమెకు ఎదురుగా పెడతాను.