సుబ్బరత్నమ్మ మేడం బోర్లించిన చీటీ

స్లైడు మీద పోసే నీలిరంగు మందు వాసన ఇవాళ కూడా ముక్కుకు తగిలింది. వెంటనే సుబ్బరత్నమ్మ మేడం గుర్తొచ్చారు. ప్రొద్దుటూరు ల్యాబులో నాకు రక్తం చదవడం నేర్పింది ఆమే. ఆమెకొక పట్టింపు ఉండేది. డాక్టరు రాసిన చీటీని బోర్లించి పెట్టాలి. స్లైడులో కనిపించింది రాసుకున్నాకే దాన్ని తిప్పి చదవాలి. "చీటీ ముందు చదివితే కండ్లు దానికే సలాం కొడతాయి పాపా" అనేవారు. చాదస్తమని లోలోపల నవ్వుకునేదాన్ని.

ఆ రోజుల్లోనే వీరపునాయునిపల్లె నుంచి ఓబులమ్మవ్వ వచ్చింది. గొర్రెలు మేపుకునే మనిషి. మొహం పాలిపోయి, నడుము పట్టుకుని బెంచీ మీద కూర్చుంది. మేడం ఆ పూట జమ్మలమడుగు క్యాంపుకు వెళ్లారు. నేను చీటీ ముందే చదివేశాను. రక్తహీనత, ఐరన్ లోపం కావచ్చునని ఉంది. మైక్రోస్కోపులో చూస్తే ఎర్రకణాలు దుకాణంలో పేర్చిన గాజుల్లా దొంతరలు కట్టి ఉన్నాయి. స్లైడు మీద రక్తం సరిగా పూయలేదనుకుని పక్కన పడేశాను. ఐరన్ ఫలితం సాయంత్రానికి గానీ రాదు. అవ్వ బస్సుకు తొందరపడుతోంది. హిమోగ్లోబిన్ తక్కువ, ఐరన్ లోపమేనని రాసి ఇచ్చి పంపేశాను.

మేడం వస్తూనే నేను పారేసిన స్లైడు తీసి చూశారు. మిగిలిన రక్తంలో ప్రోటీన్ పరీక్ష కూడా పెట్టారు. రెండు ఫలితాలూ వచ్చాక నన్ను పిలిచారు.

"ఐరన్ నిండుగా ఉండాది. ప్రోటీనేమో శానా ఎక్కువుండాది. ఎముకల్లోని మజ్జ చెడితే పనికిరాని ప్రోటీన్ రక్తంలోకొచ్చి కణాలు ఇట్ల అతుక్కుంటాయి. ఐరన్ మాత్రలు మింగుతా కూర్చుంటే ఆయమ్మ కిడ్నీలు పోతాయి."

నాకు ఏడుపొచ్చింది. "ఎవురితోనన్నా కబురు పంపిస్తా మేడం" అన్నాను.

"కబురేంది? నీ చేత్తో ఇచ్చిన కాయితం నీ చేత్తోనే ఎనక్కి తెచ్చుకో. తప్పు నాదని నీ నోటితోనే చెప్పు."

ఆ క్షణంలో ఆమె మీద పట్టరానంత కోపం వచ్చింది. అయినా మరుసటి పొద్దున మొదటి బస్సుకే బయలుదేరాను. అవ్వ గొర్రెల దొడ్డి దగ్గర ఉంది. నా కాయితం చూపించి తెచ్చుకున్న ఐరన్ మాత్రలు అప్పటికే మొదలుపెట్టింది.

"అవ్వా, నిన్న నేను రాసింది తప్పు. సరిగా చూడలేదు. పెద్ద పరీక్షకు మళ్లీ రక్తం తీయాల."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "ఆ మాట చెప్పేదానికి ఇంత దూరం వచ్చినావా?" అంది. తర్వాత నడుము మీద చెయ్యి వేసుకుని, "ఈ నొప్పి వయసుదని అందరూ కొట్టేసిరి. మీరన్నా పట్టించుకుంటాండారు. తియ్యి" అని చెయ్యి చాపింది.

పెద్ద పరీక్షలో మేడం అనుమానమే నిజమైంది. మందులు మొదలయ్యాయి. కిడ్నీలు ఇంకా దెబ్బతినలేదని డాక్టరు చెప్పినప్పుడు మేడం నా భుజం తట్టి తన పనిలో పడిపోయారు. అవ్వ ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది.

మేడం ఇప్పుడు లేరు. పులివెందులలో నేనే ల్యాబు నడుపుతున్నాను. చీటీ బోర్లించి పెట్టి ఎంత జాగ్రత్తగా చూసినా ఎప్పుడో ఒక తప్పు నా చేయి దాటి బయటికి పోతుంది. ముందు సిగ్గేస్తుంది. తర్వాత, నన్ను నేను వెనకేసుకురావాలనిపిస్తుంది. అయినా చెప్పులేసుకుని, ఆ మనిషి ఇల్లెక్కడో కనుక్కుంటూ వెళతాను.