టేపు నిండా ఆయ్

ఎం.ఏ. చివరి ఏడాదిలో మాకు డాక్యుమెంటరీ అనే గండం ఒకటి ఉండేది. పదిహేను నిమిషాల వీడియో తీసి చూపిస్తేనే పాసు. డిపార్ట్‌మెంటుకి ఉన్నది ఒకటే కెమెరా. ఇద్దరికి కలిపి ఇచ్చేది ఒక్క గంట టేపు. మా లెక్చరర్ గారు హైదరాబాదు వైపు నుంచి వచ్చిన మనిషి. మొదటి క్లాసులోనే ఒక నియమం పెట్టారు. "సినిమాలో మీ గొంతు వినపడకూడదు. మాట్లాడాల్సింది ఎదుటివాళ్ళు." నన్ను చూసే అన్నారేమో తెలియదు. నాకు నోరెక్కువని అప్పటికే అందరికీ తెలుసు.

మేం ఎంచుకున్నది రాజమండ్రి రేవులో వలలు బాగుచేసే ఒక తాతగారిని. గట్టు మీదికి లాగిన పడవ నీడలో కూర్చుని రోజంతా చిరిగిన వలలు అల్లుతూ ఉండేవారు. డెబ్బై దాటినా కళ్ళజోడు లేదు. కెమెరా పని నా స్నేహితురాలిది. పెనుగొండ దగ్గర రైతుల పిల్ల, నీళ్ళంటే భయం, అందుకని కెమెరాని కూడా నీటికి నాలుగు బారల దూరంలోనే పెట్టింది. ప్రశ్నలు నావి. నాలుగు పేజీలు రాసుకెళ్ళాను.

"మీ నాన్నగారే కదండీ మీకు వల అల్లడం నేర్పింది?"

"ఆయ్."

"అప్పట్లో వల వేస్తే చాలు, చేపలే చేపలు కదండీ?"

"ఆయ్."

"ఇప్పుడు మీ అబ్బాయిలు కూడా ఈ పనిలోనే ఉన్నారు కదండీ?"

"ఆయ్, ఆయ్."

మా గోదావరి జిల్లాల్లో ఆయ్ అంటే అవునని. అవునూ, అండీ, రెండూ అందులోనే ఉంటాయి. నేను పుట్టి పెరిగింది ఆ మాట మధ్యనే. యూనివర్సిటీకి వచ్చిన కొత్తలో ఎవరో విని నవ్వారని దాన్ని నాలుక మీంచి గీకి పారేశాను. బుద్ధిగా అవునండి అనడం నేర్చుకున్నాను. తాతగారి నోట మళ్ళీ వింటుంటే ప్రాణం లేచొచ్చింది. ఇంటర్వ్యూ బ్రహ్మాండంగా సాగుతోందనుకున్నాను.

మర్నాడు పొద్దున పెళ్ళి వీడియోలు మిక్సింగ్ చేసే ఒక స్టూడియోలో బతిమాలి కూర్చున్నాం. నియమం ప్రకారం మిక్సింగ్ చేసే ఆయన నా గొంతు వచ్చినచోటల్లా కోసేస్తూ పోయాడు. కోయగా కోయగా మిగిలింది ఇది: ఆయ్. ఆయ్. ఆయ్, ఆయ్.

"ఎవరండీ ఈయన? ఏ సంబంధం తెచ్చినా ఒప్పేసుకునేలా ఉన్నారు," అన్నాడు.

నా స్నేహితురాలు నవ్వలేక నేల మీద కూలబడింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. నలభై ఎనిమిది నిమిషాల్లో ఆయన చెప్పిన మాట ఒక్కటీ లేదు. అన్నీ నేను చెప్పినవే, ఆయన తల ఊపినవే. టేపులో మిగిలింది పన్నెండు నిమిషాలు. వెనక్కి తిప్పి దాని మీదే తీద్దామంటే మధ్యమధ్య పట్టిన నది, పడవలు, వల మీద ఆయన వేళ్ళు చెరిగిపోతాయి. సాయంత్రానికి కెమెరా ఇంకో జట్టుకి ఇచ్చేయాలి. ఆ పన్నెండు నిమిషాల్లో తాతగారు నోరు విప్పకపోతే ఇద్దరం ఫెయిలే.

పరుగు పరుగున రేవుకి వెళ్ళాం. ఆయన టీకి వెళ్ళారు. వాళ్ళావిడ చేపల బుట్ట కడుగుతోంది. మాట కలుపుదామని, "మీ అబ్బాయిలు వేటకెళ్ళారా మామ్మగారూ?" అన్నాను. ఆవిడ బుట్ట కింద పెట్టి నా ముఖంలోకి చూసింది.

"మాకు పిల్లలెక్కడున్నారండి? ఎవరు చెప్పారు?"

"నిన్న తాతగారే..."

అప్పుడే వచ్చిన తాతగారు తల గోక్కున్నారు. "మీరు అంత ఆశగా అడుగుతుంటే లేరని ఎలా అంటానండి అమ్మాయిగారూ? కాగితం మీద రాసుకొచ్చారు కూడాను."

మామ్మగారు నుదురు కొట్టుకుంది. "ఈయనతో ఇదే తంటా అండి. అడిగినవాళ్ళని కాదనలేడు. మీరేమీ అడక్కండి. ఆ వల కొస పట్టుకుని ఊరికే కూర్చోండి. మీరు ఊరుకుంటే ఆయనే మొదలెడతాడు."

సిగ్గుతో చచ్చిపోయాను. పిల్లలు లేని మనిషి చేత రెండుసార్లు ఆయ్ అనిపించాను. నాలుగు పేజీలూ మడిచి సంచిలో పెట్టేసి, వల కొస పట్టుకుని ఆయన ఎదురుగా కూర్చున్నాను. స్నేహితురాలు కెమెరా ఆన్ చేసింది. ఒక నిమిషం పోయింది. రెండు పోయాయి. జన్మలో అంతసేపు నోరు మూసుకున్నది లేదు. మూడో నిమిషంలో తాతగారు వల మీంచి తలెత్తకుండానే అన్నారు.

"అంత గట్టిగా పట్టుకోకూడదండి. వదులుగా పట్టుకోవాలి. మా అమ్మ అలాగే చెప్పేది."

నాన్న కాదు, అమ్మ. నాన్న ఎప్పుడూ నీళ్ళ మీదే ఉండేవాడట. ముడి వేయడం, ముడికీ ముడికీ మధ్య వల కన్ను కొలవడం, చిరుగు వెతకడం అన్నీ నేర్పింది తల్లి. ముడి తప్పు పడితే తిట్టేది కాదట. మాట్లాడకుండా విప్పేసి, దారం మళ్ళీ కొడుకు చేతిలో పెట్టేదట. చేపలు కూడా నేననుకున్నట్టు రోజూ పడేవి కావు. "పడిన రోజు గురించే చెప్పుకుంటాం కదండీ, పడని రోజు గురించి ఎవరు చెప్పుకుంటారు?" అన్నారు. నా కాగితాల్లో ఉన్న ఒక్క జవాబూ నిజం కాలేదు. గట్టెక్కామని కాదు గానీ, ఆయన గొంతు అలా సాగుతుంటే నాకు కళ్ళు చెమర్చాయి.

అప్పుడు ఆయన చేతులు ఆగాయి. "చివర్లో అమ్మకి చూపు పోయిందండి," అన్నారు.

కెమెరా వెనక నా స్నేహితురాలు అరచెయ్యి అడ్డంగా ఊపింది. టేపు అయిపోయింది. మా సినిమా ఆ మాటతోనే ముగుస్తుంది. అంత హఠాత్తుగా ఆపేశారేంటని లెక్చరర్ గారు విసుక్కున్నారు గానీ, పాసు చేశారు. ఆ తర్వాతి మాటలు ఆయన వినలేదు.

ఆ రోజు రేవులో, టేపు అయిపోయిందని చెప్పి తాతగారిని ఆపడానికి నాకు నోరు రాలేదు. ఆయన చెబుతూనే ఉన్నారు. "మంచం పట్టిందండి. మనుషుల్ని గుర్తుపట్టేది కాదు. దుప్పటి అంచు వేళ్ళతో పట్టుకుని పొద్దస్తమానం ముళ్ళు వేస్తూనే ఉండేది. సాయంత్రం నేను పక్కన కూర్చుని అవన్నీ విప్పేవాణ్ణి. మర్నాడు మళ్ళీ వేసుకోవాలి కదండీ."

మామ్మగారు కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తాతగారు కాసేపు వల వంక చూసి, తర్వాత కెమెరా వంక చూశారు. రెండు రోజుల్లో ఆయన నన్ను అడిగింది ఆ ఒక్క ప్రశ్నే.

"అంతా పడిందాండి అమ్మాయిగారూ? మా అమ్మ మాట కూడా?"

ఎంత ఆశగా అడిగారో.

"ఆయ్," అన్నాను.